నల్లబండ మీద నీటి చుక్క

సత్యక్కకు, నీ చెల్లెలు నూకరత్నం చేతులు జోడించి రాసుకుంటున్న ఉత్తరం.

నేను, మీ మరిది ఓబులేసు, మా అత్తగారు చౌడమ్మ, ముగ్గురం ఇక్కడ చల్లగా ఉన్నాం. చల్లగా అన్నది మాట వరసకే. రాజంపేట పక్కన ఎండలు ఎలా ఉంటాయో టీవీలో చూసే ఉంటావు. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? సముద్రం గాలికి పట్టేస్తున్నాయా? బావగారి దగ్గు తగ్గిందా? తమ్ముడి భార్య పద్మ ఇంకా కండెలే చుడుతోందా, మగ్గం మీద కూర్చుంటానని ఏమైనా అడుగుతోందా? అందరి కబురూ వివరంగా రాయి. ఫోన్లో "అంతా బాగానే ఉన్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తావు.

ఫోనుండగా ఈ ఉత్తరం ఎందుకంటావని తెలుసు. ఫోన్లో నేను ఏది మొదలుపెట్టినా సగం వినకుండానే "ఆ ఎండిన నేలలో నీ నేత నిలవదే, వచ్చెయ్యి, నీ పీట ఖాళీగానే ఉంది" అంటావు. ఆ మాట వింటే చెప్పాలనుకున్నది చెప్పలేను. ఉత్తరంలో అయితే నువ్వు అడ్డుపడలేవు. అందుకని మొత్తం ఇందులోనే రాస్తున్నాను. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటావేమో. చెప్పుకుంటాను. ఈసారి నాకు ఆ హక్కు ఉంది.

ముందు ఇక్కడి సంగతి. మన ఉప్పాడలో ఆరేసిన బట్ట సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉండేది కదా. ఇక్కడ రెండో చీర ఆరేసేలోపు మొదటిది ఎండిపోతుంది. అప్పడాలు డబ్బాలో పెట్టనక్కర్లేదు, పళ్లెంలో వదిలేసినా కరకరలాడుతూనే ఉంటాయి. నా పెదవులు పగిలి నెయ్యి రాసుకుంటున్నాను. తిండికి లోటు లేదు. మా అత్తగారు చేసే సంగటి, శనగపప్పు కూర నాకు బాగానే అలవాటయ్యాయి. మొదట్లో సంగటి ముద్ద నమలబోతే ఆవిడ నవ్వి, "నమలగూడదు పాపా, మింగాల. నీ పండ్లకు ఈ పొద్దు సెలవు" అంది. మనుషులు మంచివాళ్లు. కానీ చెవికి ఒక లోటు ఉందక్కా. అలల చప్పుడు లేదు. పుట్టినప్పటి నుంచీ వింటున్నది ఒక్కసారిగా ఆగిపోతే ఇల్లు ఖాళీ అయినట్టుంటుంది. మొదటి నెలంతా మగ్గం దగ్గర కూర్చుని ఎవరో పిలిచినట్టు తల ఎత్తేదాన్ని.

ఇక అసలు విషయం. ఇక్కడ ఇంటింటా పట్టు మగ్గమే, కానీ ఇద్దరు పక్కపక్కన కూర్చుని, రెండు వైపులా ఒకేలా కనిపించేలా చేత్తో ఎక్కించే మన జాందానీ బుటా ఎవరికీ రాదు. అది నేర్చుకుందామనే కదా మీ మరిది మన ఊరు వచ్చింది. పని సరిగ్గా చేతికి రాకముందే నేర్పినదాన్ని తెచ్చేసుకున్నాడు, అది వేరే సంగతి. రాజంపేటలో బాషా గారని పట్టు నూలు ఇచ్చి చీరలు నేయించుకునే పెద్దాయన ఉన్నాడు. మాకు పడుగు ఇస్తూ నా ముఖం మీదే చెప్పేశాడు. "చూడమ్మా, మీ పక్క పని మా పక్క నిలబడుతుందో లేదో నాకు తెల్దు. ఈ ఒక్క చీర నేసి చూపీ. బాగుంటే ఈడ ఆడోళ్లకు నువ్వే నేర్పిద్దువు. లేకుంటే అందరి మాదిరి మామూలు పట్టు నేసుకో." ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. మామూలు పట్టు నేయడం చిన్నతనమని కాదు. నువ్వూ నేనూ పక్కపక్కన కూర్చుని నేర్చుకున్న పని నా చేతుల్లోనే ఆగిపోతుందేమోనని భయం.

చీరకు నెమలికంఠం రంగు ఎంచుకున్నాను. అమ్మకి ఇష్టమైన మామిడిపిందె బుటా. మొదలుపెట్టానో లేదో పోగులు తెగడం మొదలైంది. బుటాకి చేతులు నిదానంగా ఆడాలి కదా, అంతసేపూ సన్నటి పడుగు గాలికి ఎండిపోతుంది. నాడె ఇటు విసిరితే ఒక పోగు, అటు విసిరితే ఇంకో పోగు. నేసింది తక్కువ, అతికింది ఎక్కువ. మిగతావాళ్లవి గుంట మగ్గాలు, గుంటలో మట్టి చెమ్మ పడుగుని కాపాడుతుంది. మా ఇంట్లో గుంట తవ్వుదామంటే జానెడు లోతులోనే రాయి తగిలింది. అందుకని చెక్క మగ్గం నిలబెట్టి, కింద నల్లటి కడప బండలు పరిచారు. మా అత్తగారు కిటికీలకు తడి గోనెలు కట్టింది. అవి కాసేపటికే ఎండి చెక్కల్లా బిగుసుకుపోయాయి. ఆవిడ వాటిని తట్టి చూసి, "ఈ గాలికి మనుషులే ఎండిపోతాండారు, పోగెంత పాపా" అంది.

అప్పుడు మీ మరిది కడప వెళ్లి ఒక మిషను పట్టుకొచ్చాడు. హ్యుమిడిఫయర్ అంటారట. చిన్న బిందెంత ఉంటుంది. పైన నీళ్లు పోసే తొట్టి, అడుగున రూపాయి బిళ్లంత రేకు. కరెంటు ఇస్తే ఆ బిళ్ల సన్నగా వణుకుతుంది, నీళ్లు చల్లటి పొగలాగా పైకి లేస్తాయి.

"పసిబిడ్డలుండే ఇండ్లల్లో పెడతారంట, ముక్కులు ఎండకుండా" అన్నాడు ఓబులేసు.

"మన ఇంట్లో పసిబిడ్డ యాడుండాదిరా?" అని వాళ్లమ్మ నా వంక చూసింది. ఆ చూపు సంగతి నీకు వేరే చెప్పనక్కర్లేదు.

"ఆ పడుగే గదమ్మా. దానికన్నా పసిది యాడుండాది?" అన్నాడు. మీ మరిది అప్పుడప్పుడు ఇలా మాట్లాడతాడు, అందుకే ఇంత దూరం వచ్చాను.

నమ్ముతావా అక్కా, ఆ రోజు నుంచి పోగు తెగడం ఆగిపోయింది. మిషను పొగ నేరుగా పట్టు మీద పడకుండా గది మూల పీట మీద పెట్టాం. గదంతా మన ఊరి పొద్దుటి గాలిలా మెత్తబడింది. మూరెడు నేత హాయిగా సాగింది. ఆ వారం నేను నడిచిన నడక చూడాల్సింది, పక్కింటివాళ్లను పిలిచి మరీ మిషను చూపించాను.

తర్వాత ఒక పొద్దున నేసిన భాగం మీద ముసుగు తీస్తే నెమలికంఠం రంగు వెలిసిపోయినట్టుంది. చెయ్యి పెడితే తెల్లటి పొడి. బుటా సందుల్లో, జరీ మీద, మగ్గం కర్రల మీద, మా అత్తగారి కళ్లజోడు మీద, అంతటా సన్నటి పొడి. "పండగకి కొట్టిన సున్నం రాలతాండాది" అని ఆవిడ గోడలన్నిటికీ పాత చీరలు కట్టేసింది. మరుసటి రోజు మళ్లీ పొడి. నాకేమో మన బుద్ధి ఎక్కడికి పోతుంది, అది ఉప్పు అనుకున్నాను. సముద్రం పక్కన పెరిగినవాళ్లకి తెల్లగా ఏది కనిపించినా ఉప్పే కదా. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు, రుచీ లేదు, సుద్దముక్క నాకినట్టుంది. మీ మరిది చూసి, "ఏమే, చీర నేస్తాండావా, తింటాండావా?" అని ఆటపట్టించాడు. నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రం నీకు ఫోన్ చేసి, గొంతు వింటే ఏడుస్తానని, మోగకముందే పెట్టేశాను.

గుట్టు విప్పింది నేల. మిషను చుట్టూ నల్లబండ మీద నీళ్లు చిందిన చోటల్లా తెల్లటి వలయాలు కట్టి ఉన్నాయి. నేల తుడుస్తూ చూశాను. ఆరిన చుక్క అంచు గోటికి గరగరలాడింది. అప్పుడు అర్థమైంది. ఇక్కడి బోరు నీళ్లు చూడటానికి అద్దంలా ఉంటాయి, తాగితే తియ్యగానే ఉంటాయి. మన ఉప్పు నీళ్ల బావితో పోల్చి ఇవే మంచి నీళ్లని నేను మురిసిపోయాను. కానీ వాటిలో రాయి కరిగి ఉంది. మిషను నీళ్లతో పాటు ఆ రాయిని కూడా పొగ చేసి ఎగరేస్తోంది. నీళ్లు గాలిలో కలిసిపోతాయి, రాయి నా చీర మీద వాలుతుంది.

మా అత్తగారికి చెబితే వెంటనే ఒప్పుకుంది. స్నానాలకు నీళ్లు కాచే కాగు అడుగున చిప్పలాగా కట్టే సున్నం చూపించి, "ఇదే గదా, శానా కాలంగా దీంతో కొట్లాడతాండా" అంది. బాగా మరిగిస్తే సున్నం అడుగున దిగిపోతుందని ఆవిడ ధీమా. కాచి, చల్లార్చి, గుడ్డలో వడకట్టి పోశాం. అయినా పొడి వచ్చింది. నల్లబండ మీద ఆ నీళ్ల చుక్క వేసి ఎండనిచ్చాను. వలయం పల్చబడింది కానీ పోలేదు. కాస్త అడుగున దిగినా మిగతాది నీళ్లలోనే ఉండిపోతుంది మరి.

అప్పటి నుంచి ఆ బండే నాకు గురువైపోయింది. దొరికిన ప్రతి నీళ్ల చుక్కా దాని మీద వేశాను. బోరు నీళ్లకు తెల్లటి గాజులాంటి వలయం. కాచిన నీళ్లకు అందులో సగం. ఊళ్లో వాటర్ ప్లాంటు నుంచి తెచ్చిన క్యాను నీళ్లకు, వెలుగులో వంగి చూస్తేనే కనిపించే సన్నటి గీత. క్యాను నీళ్లు పోస్తే పొడి చాలా మటుకు తగ్గింది. కానీ నెమలికంఠం రంగు ఆ కొంచెం కూడా దాచుకోదు. మా అత్తగారు నేను నేల మీద బోర్లా పడుకుని చుక్కలు చూడటం చూసి, "జాతకాలు చెప్తాండావా పాపా?" అంది.

ఈలోగా మిషను మొరాయించింది. పొగ సన్నబడి ఆగిపోయింది. తొట్టి తీసి చూస్తే అడుగు బిళ్ల మీద పెచ్చు కట్టి ఉంది. మా అత్తగారు కాగుకి చేసినట్టే గరిటె కాడతో గీకబోయింది. ఓబులేసు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "గీకొద్దుమా, దాని పానమంతా ఆ బిళ్లలోనే ఉండాది. గీత పడితే ఇంగ పనికిరాదు." మిషనుతో ఇచ్చిన కాగితం చదివి ఏం చేయాలో చెప్పాడు. కరెంటు తీసేసి, కొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఒక చెంచా గోరువెచ్చని నీళ్లలో కలిపి, బిళ్ల మునిగేలా పోసి వదిలేశాం. సన్నగా బుడగలు వచ్చి పెచ్చు తానే ఊడింది. మెత్తటి పాత బ్రష్షుతో తుడిచి, నిమ్మ ఉప్పు జాడ కూడా లేకుండా కడిగి ఆరబెట్టాం. మిషను మళ్లీ కొత్తదానిలా పొగ వదిలింది. ఇప్పుడు వారానికోసారి ఆ పని నాది. రోజూ పని అయ్యాక మిగిలిన నీళ్లు పారబోసి తుడిచి బోర్లిస్తాను. నిలవ నీళ్లు మళ్లీ పోయను. పెచ్చు కట్టాక వదిలించడం కన్నా కట్టనివ్వకపోవడమే తేలిక. నీ ఇంట్లో ఇస్త్రీ పెట్టె నీళ్లు చిమ్మడం మానేసిందన్నావు కదా, దానికీ ఇదే జబ్బు కావచ్చు. దానితో వచ్చిన కాగితం ఒకసారి చదివి చూడు.

పొడి మాత్రం పూర్తిగా పోవాలి. ఆ దారి చూపించింది నువ్వే, నీకు తెలియకుండా. ఊరి మీద బెంగతో ఒక రోజు పొట్టిక్కలు వండాను. మీ మరిది కోడూరు తోటల నుంచి పనసాకులు తెచ్చిపెడితే బుట్టలు కుట్టి ఇడ్లీ పిండి పోశాను. ఆవిరి మీద మూత తీయగానే మూతకి పట్టిన నీళ్లు టపటపా నల్లబండ మీద పడ్డాయి. "మూత కింద గుడ్డ కట్టవే, నీళ్లు పడితే పిండి పాడవుతుంది" అని నువ్వు అరిచేదానివి గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తిని వచ్చి చూస్తే ఆ చుక్కలు ఆరిపోయి ఉన్నాయి. బండ మీద ఏమీ లేదు. వంగి చూశాను, గోటితో గీకాను, చెంప ఆనించి వెలుగులోకి చూశాను. నల్లటి బండ నల్లగానే ఉంది. ఆవిరై లేచి మళ్లీ నీళ్లయినదానిలో రాయి లేదు!

గట్టిగా అరిచేశాను. మా అత్తగారు తేలు కుట్టిందనుకుని చెప్పు పట్టుకుని వచ్చింది.

గ్యాసు మీద అన్ని నీళ్లు ఆవిరి పట్టడం కుదరదు. ఇక్కడ కావలసినంత ఎండ ఉంది కదా అన్నాడు ఓబులేసు. పాత కిటికీ అద్దం, వెడల్పాటి నల్లటి రేకు పళ్లెం తెచ్చాడు. పళ్లెంలో బోరు నీళ్లు పోసి, పైన అద్దం ఏటవాలుగా మూసి, గాలి పోకుండా అంచులు బిగించి మిద్దె మీద పెట్టాడు. ఎండకు నీళ్లు ఆవిరై అద్దానికి పట్టి, జారి, కింద అంచున పెట్టిన చిన్న తూములోంచి సీసాలో పడతాయి. మొదటి సాయంత్రం దిగిన నీళ్లు మిషనుకు సగం పూటకే వచ్చాయి. రెండో అద్దం పెట్టాక సరిపోతున్నాయి. మబ్బు పట్టిన రోజు వంటింటి మూతే గతి. నా పోగులు తెంపిన ఎండ చేతే నాకు నీళ్లు మోయిస్తున్నానక్కా. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పొంగిపోతుంది.

పొడి పట్టిన మూరెడు నేతని మెత్తటి గుడ్డతో ఎంత తుడిచినా జరీ మెరుపు తిరిగి రాలేదు. మసకబారిన బుటాతో బాషా గారి ముందుకు వెళ్లే ప్రశ్నే లేదు. ఆ మూరెడూ పక్కన పెట్టేసి, కాస్త పడుగు వదిలి మొదటి నుంచి మొదలుపెట్టాను. ఓబులేసు "చేసిందంతా పాయెనే" అని బాధపడ్డాడు కానీ వద్దనలేదు.

ఈసారి నాకు ఎడమ పక్కన తోడు కూడా దొరికింది. ఒక పొద్దున మా అత్తగారు పీట లాక్కుని వచ్చి కూర్చుంది. "ఒక్కదానివే అట్ల నడుం పడేట్టు నేస్తాంటే చూడలేకపోతాండా. నాకూ చెప్పు." జీవితమంతా నేసిన చెయ్యి, బుటా మాత్రం కొత్త. మొదటి పిందె వంకర పోయింది. విప్పించాను. అత్తగారి చేత విప్పించడమా అని భయపడుతూనే విప్పించాను. ఆవిడ కోపగించుకోలేదు. "ఈ వయసులో చేతికి పలకా బలపం ఇచ్చినావు గదా పాపా" అని మళ్లీ పెట్టింది. ఇప్పుడు ఆవిడ పెట్టిన పిందె ఏదో, నేను పెట్టింది ఏదో నువ్వు కూడా చెప్పలేవు.

చీర కోసి, మా అత్తగారిని తోడు తీసుకుని బాషా గారి దగ్గరికి వెళ్లాను. ఆయన వాకిట్లోకి తెచ్చి ఎండలో పరిచాడు. తిప్పాడు. మళ్లీ తిప్పాడు. కొంగు దగ్గర వేలితో రాసి, వేలి కొస చూసుకున్నాడు. ఏ పొడీ లేదు. "యా పక్క తిప్పినా ఒకే మాదిరి ఉండాది గదమ్మా! ఇది ఈడ నేసిందేనా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు మా అత్తగారు, "మా ఇంట్లోనే. మా కోడలు నేసింది" అంది. ఆవిడ కూడా కూర్చుని నేసిందని నేను చెప్పబోతే నా చెయ్యి నొక్కింది. అక్కా, ఆ మాట ఆవిడ అన్న తీరు నీకు రాసి చూపించలేను. ఇన్నాళ్లూ ఆవిడ ఎవరికి చెప్పినా నేను ఉప్పాడ పిల్లనే.

ఇప్పుడు బాషా గారి మాట మీద మా వీధిలో ఆడవాళ్లు పని నేర్చుకోవడానికి మా ఇంటికి వస్తున్నారు. బుటాకి ముందు వాళ్లకి నేర్పేది నీళ్ల చుక్క. "బండ మీద ఎయ్యండి, ఎండనియ్యండి, గుర్తు లేకుంటేనే మిషన్లో పోయండి" అని మా అత్తగారే చెబుతోంది, నేను చెప్పక్కర్లేదు.

ఈ పార్శిల్లో పొడి పట్టిన ఆ మూరెడు ముక్క పంపుతున్నాను. దాని కింద, ఇప్పుడు నేస్తున్న రెండో చీర పడుగు మీద విడిగా నేసి తీసిన మంచి ముక్క ఉంటుంది. రెండింటి మీదా వేలు రాసి చూడు. అమ్మకి కూడా చూపించు, ఆవిడ చూపు మసకైనా వేలు మసక కాలేదు. మా అత్తగారికి ఎండు రొయ్యల రుచి తగిలింది, వీలుంటే పంపు. పట్టు ఏదైనా పంపితే దానితో పాటు కట్టకు, వేరే సంచిలో పెట్టు. అమ్మకి, బావగారికి నా నమస్కారాలు చెప్పి నా తరఫున కాళ్లు మొక్కు. తమ్ముడికి, పద్మకి ఆశీస్సులు. మా కొత్త పనికి నీ దీవెన కావాలి.

చివరికి అసలు మాట, అక్కా. నువ్వు ఇన్నాళ్లూ ఒక్కదానివే నేస్తున్నావు, నా పీట ఖాళీగా ఉంచి. రెండు చేతుల పని ఒంటి చేత్తో లాగుతున్నావు. ఇక వద్దు. నా పీట మీద పద్మను కూర్చోబెట్టు. తనకి వేళ్లు సన్నం, త్వరగా వస్తుంది. ఆ పీట ఎడమ కాలు కాస్త పొట్టి, ఊగుతుంది. కింద నా పాత వంగపండు రంగు చీర మడిచి పెట్టమని చెప్పు. నేను అలాగే పెట్టుకునేదాన్ని.

నీ దీవెన కోరే చెల్లెలు,
నూకరత్నం